తెలిసుండాల్సింది ఎవరికి?

(న్యూజెర్సీలో తెలుగువాళ్ళ శనివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది, మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల నుంచున్నవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందే ఒక మాట చెప్పేస్తా, నేను లాయర్ని కాదు. పగలంతా కోడ్ రాసుకునే మనిషిని. ఒక పదేళ్ళుగా మనవాళ్ళెవరికన్నా కోర్టు పని పడితే, ట్రాఫిక్ టికెట్టో చిన్న కేసో, భయపడుతుంటే తోడు వెళ్తున్నా, అంతే. అట్లా వెళ్ళీ వెళ్ళీ కాగితాలు చదవటం అలవాటైంది, ఆ తర్వాత తీర్పులు చదవటం అలవాటైంది. సుప్రీంకోర్టు తీర్పులన్నీ ఇంటర్నెట్లో ఫ్రీగానే ఉంటాయి, ఎవరైనా చదవొచ్చు, ఇది ఈ దేశంలో నాకు నిజంగా నచ్చే సంగతి.

కానీ నాకు మొదటి అనుమానం తీర్పులు చదివి రాలేదు, మా నాన్న వల్ల వచ్చింది. మాది అద్దంకి దగ్గర. నాన్న ఇక్కడికొచ్చిన మొదటిసారి, రాత్రి గుడి నుంచి తిరిగొస్తున్నాం, నేను డ్రైవింగు, నాన్న పక్క సీట్లో. లేన్ మారేటప్పుడు సిగ్నల్ వెయ్యలేదు నేను, వెనకాల ఎర్రలైట్లు నీలం లైట్లు. పక్కకి తీసి ఆపా. నేను అద్దం దించుతున్నా, ఇటు పక్క చప్పుడైంది, చూస్తే నాన్న బెల్టు తీసేసి తలుపు తెరిచి ఒక కాలు రోడ్డు మీద పెట్టేశాడు. ఎందుకో మీకందరికీ తెలుసు. మన ఊళ్ళల్లో ఎస్సై బండి ఆపితే సీట్లోనే కూర్చోటం పొగరు. దిగాలి, భుజం మీద కండువా తియ్యాలి, దగ్గరకెళ్ళి నమస్కారం సార్ అనాలి, అప్పుడు మాట. ఆయన అరవై ఏళ్ళు అదే చేశాడు.

ఆ పోలీసు కుర్రాడు, కుర్రాడే, పాతికేళ్ళుంటాయేమో, చెయ్యి నడుము దగ్గరకి పోయింది. గట్టిగా అరిచాడు, లోపలే ఉండు అని. నాన్నకి ఇంగ్లీషు రాదు, అరుస్తున్నాడంటే ఇంకా మర్యాద చెయ్యాలేమో అనుకుని రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టబోయాడు. నేను తెలుగులో కేక పెట్టా, నాన్నా కాలు లోపల పెట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకో అని. పెట్టాడు. ఏం జరగలేదండీ, వార్నింగ్ ఇచ్చి పంపించేశాడు, గుడ్ నైట్ కూడా చెప్పాడు. ఆ టార్చిలైటు వెలుగు నాన్న మోకాళ్ళ మీద పడితే అది కొంచెం వణుకుతూ కనపడింది నాకు, అంటే ఆ అబ్బాయి చెయ్యి కూడా వణుకుతోందన్నమాట.

ఇంటికొచ్చేదాకా నాన్న మాట్లాడలేదు. పొద్దున కాఫీ తాగుతూ అడిగాడు, నేనేం తప్పు చేశాన్రా అని. నీకు ఇక్కడి పద్ధతి తెలీదు కదా నాన్నా అన్నా. సరే, నాకు తెలీదు, నేనెందుకు దిగానో ఆ పిల్లాడికీ తెలీదుగా, నాకు తెలీకపోతే నా ప్రాణం మీదకొచ్చింది, అతనికి తెలీకపోతే ఎవరి మీదకి రావాల అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలో మాడిసన్ అనే ఊళ్ళో ఏమైందో మీలో కొంతమందికి గుర్తుండే ఉంటది. గుజరాత్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, 57 ఏళ్ళు, కొడుకు ఇంట్లో పసిబిడ్డని చూసుకోటానికొచ్చాడు, వచ్చి ఎన్నో రోజులు కూడా కాలేదు. పొద్దున్నే వాకింగ్‌కి బయటకెళ్ళాడు. చుట్టుపక్కల వాళ్ళెవరో ఒక నల్లతను ఇళ్ళవంక చూసుకుంటూ తిరుగుతున్నాడు అని పోలీసులకి ఫోన్ చేశారు. ఇద్దరు పోలీసులొచ్చి ఆపారు. ఆయన నో ఇంగ్లీష్, ఇండియా అన్నాడు, ఇల్లు అటు అని చెయ్యి చూపించాడు. ఒక పోలీసు ఆయన చేతులు వెనక్కి విరిచి పట్టుకుని ముఖం నేలకి తగిలేలా పడేశాడు. వెన్నెముక దెబ్బతింది, సర్జరీ అయింది, కాళ్ళూచేతులూ మళ్ళీ మునుపట్లా రాలేదు. ఇదంతా పోలీసు కారు కెమెరాలోనే రికార్డయింది, దేశమంతా చూసింది.

మరి కేసేమైంది? ఫెడరల్ కేసు పెట్టారు. ఆ సెక్షన్ కింద శిక్ష పడాలంటే ఆ పోలీసు కావాలని హక్కు కాలరాశాడు అని రుజువు చెయ్యాలి, దెబ్బ తగిలిందని చూపిస్తే చాలదు, అతని మనసులో ఏముందో చూపించాలి. జ్యూరీ రెండుసార్లు కూర్చుంది, రెండుసార్లూ ఏకాభిప్రాయం రాలేదు. 2016 జనవరిలో జడ్జిగారే కొట్టేశారు. సివిల్ కేసులో మాత్రం 2021లో 17.5 లక్షల డాలర్లకి రాజీ అయింది. ఆరేళ్ళు పట్టింది.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించిన తీర్పు చెప్తా. నార్త్ కరోలినా, 2009. హైవే మీద ఒక కారుకి బ్రేక్ లైటు ఒకటి వెలగట్లేదు, రెండోది వెలుగుతోంది. పోలీసు ఆపాడు, మాటల్లో పెట్టి కారు వెతకొచ్చా అన్నాడు, సరే అన్నారు, కొకైన్ దొరికింది. కొకైన్ ఉంటే తప్పే, నేను కాదనట్లేదు. కానీ తర్వాత తేలిందేంటంటే ఆ రాష్ట్రం చట్టంలో ఒక బ్రేక్ లైటు పనిచేస్తే చాలు అనే ఉంది. అంటే అసలు ఆపటానికే కారణం లేదు, పోలీసుకి తన రాష్ట్రం చట్టం తెలీదు. ఇది సుప్రీంకోర్టు దాకా వచ్చింది, హెయిన్ వర్సెస్ నార్త్ కరోలినా అంటారు, 2014 డిసెంబర్లో తీర్పు. 8 మంది జడ్జీలు ఒకవైపు, సోటోమయోర్ అనే జడ్జి ఒక్కావిడ ఇంకోవైపు. ఏమన్నారంటే, పోలీసు చట్టాన్ని పొరపాటుగా అర్థం చేసుకున్నా ఆ పొరపాటు సహేతుకమైనదైతే ఆపటం చెల్లుద్ది అన్నారు.

ఇప్పుడు మీరు నేను కోర్టుకెళ్ళి సార్ నాకు ఈ రూలు తెలీదు అంటే ఏమంటారు? చట్టం తెలీదనటం సాకు కాదంటారు. ఇండియాలోనూ అదే అంటారు, ఎక్కడైనా అదే, అది లేకపోతే ఏ చట్టమూ నడవదు, నేనూ ఒప్పుకుంటా. కానీ చట్టం అమలు చెయ్యటమే ఉద్యోగంగా ఉన్నవాడికి, దానికోసం ట్రైనింగ్ తీసుకుని జీతం తీసుకునేవాడికి తెలీకపోతే సహేతుకమైన పొరపాటు, మొన్న విమానం దిగిన మనిషికి తెలీకపోతే టికెట్టు, అరెస్టు. సోటోమయోర్ ఒక్కావిడే అసమ్మతి రాశారని అన్నా కదా, అది ఇరవై పేజీలు కూడా ఉండదు, తీరిక చేసుకుని చదవండి. తీర్పులు చదవటం మనకెందుకులే అనుకోకండి, రేపు మన కారే ఆపుతారు.

ఆస్టిన్‌లో చుట్టాలున్నవాళ్ళకి లాగో విస్టా అనే ఊరు తెలిసే ఉంటది. 1997లో అక్కడ ఒక తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు, బెల్టు పెట్టుకోలేదు. ఆ తప్పుకి ఎంత పెద్ద శిక్ష వేసినా 50 డాలర్ల జరిమానా, జైలు లేదు. కానీ బేడీలు వేసి తీసుకెళ్ళి లాకప్‌లో పెట్టారు. పిల్లల్ని చూసుకోటానికి ఎవరో స్నేహితురాలు పరిగెత్తుకొచ్చింది. 2001లో సుప్రీంకోర్టు 5 - 4తో అది రాజ్యాంగబద్ధమే అంది. జైలుశిక్షే లేని తప్పుకి జైలుకి తీసుకెళ్ళొచ్చు! నేను ఆ తీర్పు మూడుసార్లు చదివా. ఆ తల్లిని అరెస్టు చెయ్యాల్సిన అవసరం లేదని మెజారిటీ జడ్జీలే రాశారు, రాసి కూడా ఒక్కో కేసూ విడిగా చూడటం పోలీసులకి కష్టం, గీత ఒక్కచోట గియ్యాలి అన్నారు. ఆ గీత గీసినప్పుడు అది ఎవరివైపు జరిగిందో చూడండి.

ఇంకోటి ఉంది, క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ అంటారు. పార్లమెంటు, అదే ఇక్కడ కాంగ్రెస్, చేసిన చట్టంలో ఆ మాట ఎక్కడా లేదు, కోర్టులే తయారుచేశాయి, 1967లో మొదలుపెట్టి 1982లో ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. పోలీసు మీద నష్టపరిహారం కేసేస్తే, ఇట్లాంటి పని తప్పు అని అంతకుముందే స్పష్టంగా తీర్పు ఉండాలి, లేకపోతే కేసు అక్కడే ఆగిపోద్ది. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో అనే ఊళ్ళో ఇద్దరు వ్యాపారస్తులు కేసేశారు. వారెంటు పట్టుకుని సోదాకొచ్చిన పోలీసులు రాసిచ్చిన లిస్టులో దాదాపు 50,000 డాలర్లే ఉంది, కానీ మా దగ్గర తీసుకుంది దానికన్నా రెండు లక్షలకి పైనే ఎక్కువ, మిగతాది నొక్కేశారు అని. నిజంగా నొక్కేశారా లేదా అని విచారణే జరగలేదు. 2019లో అప్పీల్ కోర్టు ఏమందంటే, దొంగతనం నైతికంగా తప్పని పోలీసులకి తెలిసుండాలి, కానీ వారెంటు కింద తీసుకున్న సొమ్ము దొంగిలిస్తే అది రాజ్యాంగంలో ఆ ఫలానా సవరణకి విరుద్ధమని అప్పటికి స్పష్టమైన తీర్పు లేదు కాబట్టి కేసు నడవదు అంది. సుప్రీంకోర్టు ఆ కేసు తీసుకోలేదు. దొంగతనం తప్పని మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడే చెప్పానండీ, షాపులో చాక్లెట్ చేతిలో పట్టుకుని బయటికొచ్చేస్తే వెనక్కి తీసుకెళ్ళి ఇప్పించా.

షాపు అంటే గుర్తొచ్చింది, ఇది మనందరికీ కావాల్సింది. ఒక కుర్రాడు, స్టూడెంటు, పేరు ఊరు చెప్పను. సెల్ఫ్ చెకౌట్‌లో రెండు సామాన్లు స్కాన్ అవ్వలేదు. వాడు కావాలని చేశాడా లేదా అనేది నాకు తెలీదు, వాడు లేదనే చెప్పాడు. తలుపు దగ్గర సెక్యూరిటీ ఆపగానే వాడి నోట్లోంచి వచ్చిన మొదటిమాట సారీ. ఐ యామ్ సారీ సర్, ఐ యామ్ వెరీ సారీ. మనకి సారీ అంటే మర్యాద, కాలు తగిలినా అంటాం, మనది తప్పు కాకపోయినా గొడవెందుకని అంటాం. రిపోర్టులో మాత్రం తప్పు ఒప్పుకున్నాడు అని పడింది.

మునిసిపల్ కోర్టుకి నేను తోడెళ్ళా. కారిడార్‌లో ప్రాసిక్యూటర్ రెండు నిమిషాలు మాట్లాడాడు, ఒప్పేసుకుంటే జరిమానా కట్టి ఇంటికెళ్ళొచ్చు అన్నాడు, మంచిగానే అన్నాడు. కుర్రాడు నా చెయ్యి పట్టుకుని అన్నా ఒప్పేసుకుంటా, అయిపోద్ది, అమ్మకి తెలీకముందే అయిపోవాలి అన్నాడు. మనకి చిన్నప్పటి నుంచీ నేర్పించింది అదే కదండీ, తప్పయిపోయిందని దణ్ణం పెడితే పెద్దవాళ్ళు వదిలేస్తారు. ఇక్కడ గిల్టీ అన్న ఒక్క మాట వీసా ఫైల్లోకి వెళ్తది, దొంగతనం కిందకొచ్చేవి చాలావరకు ఇమిగ్రేషన్ వాళ్ళ లెక్కలో నీతి తప్పిన నేరాలే. ఆ కుర్రాణ్ణి ఆపి వాయిదా అడిగించి ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరకి తీసుకెళ్ళా, చివరికి దొంగతనం కాని చిన్న మునిసిపల్ రూలు కింద తేలింది. ఆ రోజు పక్కన ఎవరూ లేకపోతే ఏమయ్యేదో!

2010లో సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పిచ్చింది. హోండురాస్‌లో పుట్టినాయన, 40 ఏళ్ళకి పైగా గ్రీన్ కార్డు మీద ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేశాడు, నువ్వు చాలాకాలం నుంచి ఉన్నావు కాబట్టి భయపడాల్సింది లేదు అని లాయర్ చెప్తే తప్పు ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నాక దేశం నుంచి పంపించేస్తామన్నారు. ఒప్పుకుంటే డిపోర్టేషన్ ఉంటదో లేదో చెప్పటం క్రిమినల్ లాయర్ బాధ్యత అని కోర్టు అంది. అది మన హక్కు, అడగండి. ఎందుకంటే ఇక్కడ కేసులు విచారణతో తేలవు. ఫెడరల్ కోర్టుల్లో శిక్షపడే కేసుల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం ఇట్లా ఒప్పుకోటంతోనే ముగుస్తాయని 2012లో సుప్రీంకోర్టే రాసింది. సినిమాల్లో చూసే జ్యూరీ, వాదనలు, అవి మిగతా ఆ కాసినికి. ఒప్పుకోకపోతే ఏమవుద్ది? కెంటకీలో ఒకాయన 88 డాలర్ల 30 సెంట్ల దొంగ చెక్కు కేసులో ఇరుక్కున్నాడు. ఒప్పుకుంటే ఐదేళ్ళు, కాదని విచారణకి వెళ్తే పాతకేసులు కలిపి యావజ్జీవం పడేలా చేస్తా అని ప్రాసిక్యూటర్ ముఖం మీదే చెప్పాడు. వెళ్ళాడు. యావజ్జీవం పడింది. 1978లో సుప్రీంకోర్టు అది సరే అంది, 5 - 4. తప్పు అదే, చెక్కు అదే, విచారణ కావాలని అడిగినందుకు ఐదేళ్ళు కాస్తా జీవితాంతం అయింది.

ఇప్పుడు ఫార్మింగ్టన్ దగ్గరకొస్తా. ఇది మన ఇళ్ళల్లో జరిగింది.

మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్, అక్కడ ఒక ఆఫీసు బిల్డింగ్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అని పెట్టారు. పెట్టింది ఎవరు? హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ ఏజెంట్లు, మారుపేర్లతో. టీచర్లు లేరు, క్లాసులు లేవు. కానీ విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవచ్చని ప్రభుత్వ వెబ్‌సైట్లో ఆ పేరుంది. గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలో కూడా ఉంది, ప్రభుత్వం అడిగితేనే పెట్టారు. ఫీజులు తీసుకున్నారు, వేల డాలర్లు. దాదాపు 600 మంది చేరారు, అందులో మనవాళ్ళే ఎక్కువ. 2019 జనవరి నెలాఖర్లో ఒక్కసారిగా మూసేసి అరెస్టులు మొదలుపెట్టారు. విద్యార్థుల్ని చేర్పించిన 8 మంది దళారులు, వాళ్ళూ తెలుగువాళ్ళే, క్రిమినల్ కేసుల్లో దొరికారు. మొదటి వారంలోనే 129 మంది ఇండియా విద్యార్థులు డిటెన్షన్‌లో. ఆ వారం మా ఫోన్లు ఆగలేదండీ. ఒకమ్మాయి నిజామాబాద్ నుంచి వాళ్ళ తమ్ముడి కోసం చేసింది, వాడు ఏ రాష్ట్రంలో ఉన్నాడో కూడా తెలీదు ఆమెకి, అక్కడ రాత్రి మూడు. ఢిల్లీలో మన విదేశాంగ శాఖ అమెరికా ఎంబసీకి నిరసన తెలిపింది, వాషింగ్టన్‌లో మన ఎంబసీ 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టింది.

నేను నిజం దాచను. అక్కడ చేరినవాళ్ళల్లో క్లాసులు లేవని తెలిసి, వర్క్ పర్మిట్ కోసం చేరినవాళ్ళు ఉన్నారు. తెలిసీ చేరితే తప్పు తప్పే. కానీ అందరూ ఒకటి కాదు. ఉన్న కాలేజీ గుర్తింపు పోతే గడువులోపు ఇంకోదానికి మారాల్సొచ్చి, ప్రభుత్వ లిస్టు చూసి చేరినవాళ్ళున్నారు. క్లాసులు ఎప్పుడు మొదలు అని మెయిళ్ళు పెట్టి జవాబు రాక ఎదురుచూసినవాళ్ళున్నారు. వీళ్ళందరికీ ప్రభుత్వ లాయర్లు చెప్పింది ఒకటే మాట, క్లాసులు లేని చదువు చదువు కాదని వాళ్ళకి తెలుసు అని.

సరే, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ బ్రేక్ లైటు గుర్తు తెచ్చుకోండి. తన రాష్ట్రం చట్టం పోలీసుకి తెలీకపోయినా పరవాలేదు. కానీ ప్రభుత్వం తన సొంత వెబ్‌సైట్లో పెట్టిన యూనివర్సిటీ దొంగదని, 23 ఏళ్ళ పిల్లాడికి, వరంగల్ నుంచో నెల్లూరు నుంచో లోన్ తీసుకుని వచ్చినవాడికి, తెలిసుండాలి! కలుగు తవ్వింది వాళ్ళే, ఎర పెట్టింది వాళ్ళే, ఎర డబ్బులు కూడా ఎలక దగ్గరే వసూలు చేశారు.

ఫీజు వెనక్కివ్వండి అని విద్యార్థులు కేసేశారు. ఇది పోలీసు ఆపరేషన్, వ్యాపారం కాదు, కాబట్టి కాంట్రాక్టు కింద మమ్మల్ని అడగలేరు అని ప్రభుత్వం వాదించింది. కింది కోర్టు కొట్టేసింది. 2024లో అప్పీల్ కోర్టు, కాదు, ఈ కేసు వినాల్సిందే అని మళ్ళీ తెరిచింది. ఆ రోజు నాకు సంతోషమేసింది. కానీ అప్పటికే ఆ పిల్లల్లో చాలామంది మేమే వెళ్ళిపోతాం అని సంతకం పెట్టి ఐదేళ్ళు దాటింది. లోన్ వడ్డీ మాత్రం ఇక్కడే ఆగిపోలేదు కదా.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా, ఇది చెప్పటం కష్టంగా ఉంటది. సియాటిల్. 2023 జనవరి 23. ఆదోని అమ్మాయి, 23 ఏళ్ళు, మాస్టర్స్ చదువుతోంది, జీబ్రా లైన్ల దగ్గర రోడ్డు దాటుతోంది. 25 మైళ్ళ స్పీడు లిమిట్ ఉన్న వీధిలో పోలీసు కారు 74 మైళ్ళ దాకా పోయింది. కొట్టేసింది. తర్వాత ఇంకో పోలీసు ఫోన్లో నవ్వుతూ, ఒక 11,000 డాలర్ల చెక్కు రాసేస్తే సరిపోద్ది, ఆమె విలువ అంతంతమాత్రం అన్న మాటలు అతని ఒంటి మీద కెమెరాలోనే రికార్డయ్యాయి. 2024 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ ఆఫీసు కారు నడిపిన పోలీసు మీద క్రిమినల్ కేసు పెట్టట్లేదు అంది. కారణం, ప్రమాదం ఉందని తెలిసీ పట్టించుకోకుండా నడిపాడు అని రుజువు చెయ్యలేం అట. తెలిసీ. మళ్ళీ అదే మాట. 25 ఉన్నచోట 74లో వెళ్తే ఏమవుద్దో రోడ్డు మీద లైసెన్సున్న ప్రతివాడికీ తెలుసు, లైసెన్సు పరీక్షలో మనల్ని అడిగేదే అది. 5,000 డాలర్ల ట్రాఫిక్ టికెట్ వేశారు. తర్వాత ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి, అది జనం ఊరుకోకుండా రోడ్డు మీదకొచ్చి అడిగాక.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మన దగ్గర పోలీసులకన్నా వీళ్ళు నయమే కదండీ?)

చాలా విషయాల్లో నయమే. లంచం అడగరు, స్టేషన్లో మర్యాదగా మాట్లాడతారు ఎక్కువసార్లు, కెమెరా ఉంటది, రికార్డు అడిగితే ఇస్తారు. 2019 డిసెంబర్లో హైదరాబాద్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురిని ఎన్‌కౌంటర్ చేస్తే మనవాళ్ళు పోలీసుల మీద పూలు జల్లారు, సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో అది కావాలని కాల్చిందే అని చెప్పింది, అప్పుడు పూలు జల్లినవాళ్ళు ఎవరూ మాట్లాడలేదు. అక్కడా నాకు అదే బాధ, ఇక్కడా అదే బాధ. ఇక్కడ మార్చుకునే దారులున్నాయి, అది కూడా చెప్పాలి. మన న్యూజెర్సీలోనే 2017 నుంచి బెయిల్‌కి డబ్బు కట్టే పద్ధతి దాదాపు తీసేశారు. ఆ ఇమ్యూనిటీ చెల్లకుండా కొలరాడో 2020లో, న్యూ మెక్సికో 2021లో సొంత చట్టాలు చేసుకున్నాయి. రాష్ట్ర అసెంబ్లీల్లోనే అయ్యాయి అవి, ఓట్లేసేవాళ్ళు అడిగితే అయ్యాయి. ఈ గదిలో సిటిజన్లు సగం మంది ఉంటారు.

(ప్రశ్న: వచ్చే నెల మా అత్తగారు మామగారు వస్తున్నారండీ, ఇంగ్లీషు రాదు. వాళ్ళకేం చెప్పమంటారు?)

అమ్మా, మొదటిరోజే చెప్పండి, పోలీసు కారు ఆపితే దిగొద్దు, బెల్టు తియ్యొద్దు, చేతులు కనపడేలా ఒళ్ళో పెట్టుకోవాలి. బయట నడుస్తుంటే ఆపితే నిలబడిపోవాలి, తిరిగి ఇంటివైపు నడవొద్దు, చెయ్యి చూపించొద్దు. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగు మాట్లాడతాను, ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కార్డు రాయండి. రాసి జేబులో మాత్రం పెట్టకండి, పోలీసు ముందు జేబులో చెయ్యి పెట్టకూడదు. ఆఫీసు ఐడీ కార్డుకి ట్యాగ్ ఉంటది కదా, దాంట్లో పెట్టి మెడలో వేయండి. మా నాన్నకి అట్లాగే వేశా, రెండోసారి వచ్చినప్పుడు. నేనేమన్నా తిరణాల్లో తప్పిపోయే పిల్లోణ్ణట్రా అని ఆ రోజు కోపమొచ్చి వాకింగ్‌కే వెళ్ళలేదు. మర్నాడు పొద్దున చూస్తే చొక్కా పైకి కనపడేట్టు తనే వేసుకుని చెప్పులేసుకుంటున్నాడు.